ఎడమచేతి ముడి

గ్రిమ్స్‌బీలో తెల్లవారుజాము నాలుగున్నర.
చేపముక్కలకు రొట్టెపొడి అద్దే ఫ్యాక్టరీ నుంచి వచ్చి
వేళ్ళు కాసేపు వేడినీళ్ళలో ముంచి
కంప్యూటర్ ముందు కూర్చుంటాను.
తెర వెలుగుతుంది. సముద్రం లేస్తుంది
నిన్న నేను ఆపిన చోటు నుంచే,
అల సగంలో.

ఈ సముద్రం నాది.
దీని బూడిదరంగు పదిహేడుసార్లు కలిపాను.
దీని హోరు మా బాత్‌టబ్‌లో
చీపురుతో నీళ్ళు చిమ్మి రికార్డు చేసింది.
గులకరాళ్ళ మీద అడుగుల చప్పుడు
పళ్ళెంలో పోసి నలిపిన మరమరాలు.
వాన నేనే. వాన వెలవడమూ నేనే.
ఏదైనా చెడితే
తిలాపాపం తలా పిడికెడు అనుకుందామంటే
ఇక్కడున్నది ఒకటే తల.

ఆటలో ఒకావిడ వల అల్లుతుంది.
శత్రువులు లేరు. తుపాకులు లేవు.
పడవ బయల్దేరేలోగా చిరుగు పూడాలి.
‘అంతేనా?’ అన్నాడు మా షిఫ్టు డారియుస్.
అంతే, అన్నాను.
ఆ అంతేకి మూడేళ్ళు.

ఫిబ్రవరిలో ఆవిడ మెట్లెక్కడం మానేసింది.
మూడో మెట్టు మీద, గోడలోకి సగం దిగబడి
వణుకుతూ నిలబడేది.
నాలుగు రాత్రులు కొండను తవ్వాను.
ఎలుక కూడా కాదు,
దొరికింది ఒక మైనస్ గుర్తు.
దాన్ని చెరిపేశాక ఎవరికి చెప్పాలో తెలియక
కెటిల్‌కి చెప్పాను.

పక్కింటి డోరీన్‌కి ఎనభై ఒకటి.
రేవు బతికున్న రోజుల్లో
వంటింటి తలుపు కొక్కేనికి తాడు కట్టి
గజాల లెక్కన వలలు అల్లిందట.
చెత్తబండి వచ్చే రోజు మారిందని చెప్పడానికి వచ్చి
తెర వైపు చూసి కళ్ళజోడు సర్దుకుంది.
‘చేతులు అబద్ధం’ అంది.
‘ఏ చెయ్యి?’
‘రెండూ. చిటికెనవేలు తాడును పట్టి ఉంచకపోతే
ముడి జారిపోదూ?
పైగా నాది ఎడమచేతి వాటం.’

అది నువ్వు కాదు డోరీన్, అనబోయి ఆగాను.
ఎవరో నాకూ తెలియదు.
మూడేళ్ళుగా నా చేతుల్నే ఫోటో తీసుకుని గీస్తున్నాను.

మళ్ళీ మొదటికి.
రెండొందల పన్నెండు బొమ్మలు.
ఆమె పార్సెల్ దారంతో ముడి వేసింది, విప్పింది, వేసింది.
నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.
కణుపుల దగ్గర అల్లంకొమ్ముల్లా ఉబ్బిన వేళ్ళు.
దారానికి ఆ వాపు తెలియదు.

తీరా ఆడబోతే
రెండు బటన్లు ఒకేసారి నొక్కలేకపోయింది.
నేనేమో ఆటంతా ఆ రెండింటి మీదే కట్టాను.
ఇంటికొచ్చాక కోపం. ముందు ఆమె మీద,
భోంచేశాక బటన్ల మీద.
ఏప్రిల్ అంతా కూర్చుని ఒక్క బటన్‌కి కుదించాను.
విడుదల తేదీ జరిగింది. ఇంకోసారి జరిగింది.
అద్దె తేదీ ఎప్పుడూ జరగదు.

ఎంతమంది కొన్నారని మీరెలాగూ అడుగుతారు.
పందొమ్మిది.
ఒకరు డబ్బు వెనక్కి తీసుకున్నారు.

ఆదివారం డోరీన్ సోఫాలో కూర్చుని ఆడింది.
నాలుగు వరుసలు అల్లి
ఐదోది సగంలో ఉండగా
కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని కునికింది.

ఎవరూ ఏమీ నొక్కకపోతే ఆవిడ ఏం చేయాలో
రెండేళ్ళ క్రితం ఏదో రాత్రి రాసిపెట్టి మరిచాను.
నలభై సెకన్లు చూస్తుంది.
వల ఒళ్ళోకి దించుతుంది.
రెండు చేతులూ దోసిలిపట్టి
వేళ్ళ మీద వెచ్చగా ఊదుకుంటుంది.

ఆ ఒక్కచోట బొమ్మలు మార్చలేదు.
గోళ్ళ దగ్గర చలికి పగిలిన చర్మం,
బొటనవేలి మీద కత్తిగాటు.
అవి ఇంకా నా చేతులే.

సరిచేయాల్సినవి రాసుకునే పుస్తకం తీశాను.
‘చేతులు’ అని రాసి
కాసేపు చూసి
హీటర్ ఒక గీత పెంచడానికి లేచాను.